గోదావరి కలిసే తొట్టి

పెళ్లయిన మరుసటి ఏడాది ఆగస్టులో, కరీంనగర్ బైపాస్ రోడ్డు పక్కన ఒక ప్రైవేటు సంస్థ కొన్ని నెలల కోసం పెట్టిన సముద్ర ప్రదర్శనశాలకు నన్ను జూనియర్ అక్వేరిస్టుగా వేశారు. అక్వేరిస్టు అంటే తొట్లలో ఉంచిన నీటి జీవులను బతికించే ఉద్యోగి. ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక రెండేళ్లు హైదరాబాద్‌లో అదే సంస్థ గోదాములో చేపల బాగోగులు చూశాను. కరీంనగర్ నా రెండో పోస్టింగ్, చివరిది కూడా. ముప్పై దాటకుండానే ఉద్యోగ విరమణ అంటే చదివేవాళ్లకు నవ్వు రావచ్చు. పాపను వదిలి మళ్లీ ఆ పనికి పోయే దారి నాకు కనపడటం లేదు గనుక ఆ మాటే వాడుతున్నాను. పాప పడుకున్నాక రాస్తున్నాను. ఊపిరి సరిగా తీస్తోందా అని మధ్యలో లేచి చూసి వస్తున్నాను కాబట్టి వాక్యాలు అక్కడక్కడా తెగితే మన్నించాలి.

సముద్రానికి ఇంత దూరంలో సముద్రాన్ని ఎలా నిలబెడతారని చాలామంది అడిగేవారు. ముందు నీళ్లు చేయాలి. మా ప్రదర్శనశాలకు వచ్చేది మానేరు డ్యామ్ నుంచి వచ్చే నల్లా నీళ్లే. వాటిలో క్లోరిన్ ఉంటుంది, అది చేపల మొప్పలను కాలుస్తుంది. అందుకని ఆ నీటిని వడపోత యంత్రంలో శుద్ధిచేసి, దానిలో సముద్ర లవణాల పొడిని కలుపుతాం. వంట ఉప్పు పనికిరాదు. సముద్రంలో ఉప్పుతో పాటు మెగ్నీషియం, కాల్షియంలాంటివి కూడా ఉంటాయి, జీవులకు అవన్నీ కావాలి. లీటరుకు ముప్పై ఐదు గ్రాముల చొప్పున కలిపి, ఒక రోజంతా పంపుతో తిప్పి, ఉప్పదనం కొలిచాకే తొట్టిలోకి వదలాలి. ఇదంతా నా పని. నా గుర్తింపు కార్డు మీద ‘నీటి నాణ్యత’ అని ఉండేది. మా మేనేజర్ మాత్రం నన్ను పిలవాలంటే ‘ఉప్పు మేడం’ అనేవాడు.

ప్రదర్శన సముద్ర మండలాల వరుసలో ఉండేది. మొదట ఒడ్డు మండలం. అలలు వచ్చిపోయే రాళ్ల మధ్య బతికే నక్షత్ర చేపలు, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు, ఖాళీ శంఖాల్లో కాపురముండే సన్యాసి పీతలు, నత్తలు, రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకునే సీ అనిమోన్లు. ఇది మోకాలి ఎత్తు తొట్టి, పిల్లలు చేయి పెట్టి తాకవచ్చు. తరువాత వెలుతురు మండలం, అంటే ఎండ చేరే పై రెండు వందల మీటర్ల సముద్రం. దానికి అద్దాల పెద్ద ట్యాంకు, అందులో చిన్న సొరచేపలు, పళ్లెంలా చదునుగా ఉండే టేకు చేపలు, గుంపులుగా తిరిగే వెండి చేపలు. ఆ తరువాత మసక మండలం, చివర చీకటి మండలం. ఈ రెండింటిలో ఒక్క ప్రాణి కూడా లేదు. వెయ్యి మీటర్ల లోతు ఒత్తిడికి అలవాటైన జీవిని పైకి తెస్తే బతకదు. అందుకని ఫైబర్ బొమ్మలు చేయించి, వాటికి నీలిరంగు దీపాలు పెట్టారు. ఆ గదిలోకి ఒకసారి బొగ్గు గనులుండే గోదావరిఖని బడి పిల్లలు వచ్చినప్పుడు, ఒక పిల్ల పక్కదానితో, “మా బాపు డ్యూటీ గిట్లనే ఉంటదట. గాని గీ రంగు రంగు లైట్లుండవ్,” అన్నది. మా బాపు కూడా బొగ్గు బాయిలో దిగినవాడే కాబట్టి నేను ఆ మాట మరిచిపోలేదు.

పెద్ద ట్యాంకు ప్రణతిది.

ప్రణతి నాకంటే ఒక ఏడాది చిన్నది, భీమిలి అమ్మాయి. హోదాలో ఇద్దరం సమానమే, ఇద్దరం జూనియర్లమే. చేపలకు మేత, జబ్బు చేస్తే మందు ఆమె బాధ్యత. నీళ్లు, పంపులు, ఒడ్డు తొట్టిలోని జీవులు నా బాధ్యత. ఆమెకు డైవింగ్ సర్టిఫికెట్ ఉంది. రోజుకు రెండుసార్లు నల్ల రబ్బరు సూటు వేసుకుని, వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని ట్యాంకులోకి దిగి, చేతితో సొరచేపలకు మేత పెట్టేది. అద్దం అవతల జనం చప్పట్లు కొట్టేవారు. పిల్లలు అద్దానికి అరచేతులు ఆనిస్తే, ఆమె లోపలి నుంచి అదే చోట తన అరచేయి పెట్టేది. నాకు ఈత రాదు. ఆ సమయంలో నేను ట్యాంకు వెనక పంపుల గదిలో, ఎవరికీ కనపడకుండా వాల్వులు చూస్తూ ఉండేదాన్ని. గోడకు అవతల చప్పట్లు మొదలవగానే ఈసారి ఎంతసేపు కొడతారోనని చెవులు అటే పెట్టేదాన్ని.

ఒక ఆదివారం మా ఆయన, మా అత్తమ్మ చూడటానికి వచ్చారు. అత్తమ్మ ప్రణతిని చూసి నోరు తెరిచి నిలబడిపోయింది.

“అగో, గా పిల్లను జూడు, చేప లెక్కనే తిరుగుతుంది. నువ్వెందుకు దిగవు రజితా?”

“నాకు ఈత రాదత్తమ్మా.”

“మరి ఈడ నువ్వేం జేస్తవ్?”

“నీళ్లు జూస్త.”

“నీళ్లు జూసుడేంది? అవి ఆడనే ఉన్నయి గదా.”

మా ఆయన నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. అత్తమ్మ ప్రణతి బయటికి వచ్చేదాకా ఉండి, తడి జుట్టుతో ఉన్న ఆ పిల్లను పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగింది. ఆ ఫోటో చాలా రోజులు అత్తమ్మ ఫోన్ తెరమీద ఉంది. నాతో దిగిన ఫోటో ఒకటి కూడా లేదు.

ఇది చెప్పడం అత్తమ్మ మీద కోపంతో కాదు. అప్పుడు నా మనసు ఎలా ఉండేదో చదివేవాళ్లకు తెలియాలని. ప్రణతి నాతో ఎన్నడూ తలబిరుసుగా మాట్లాడలేదు, ‘రజితక్కా’ అనే పిలిచేది. తను తెచ్చుకున్న డబ్బాలో సగం నాకు పెట్టేది. ఆమె చెడ్డది అయి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అసలు సంగతి ఒక ఉద్యోగం. హైదరాబాద్‌లో సంస్థ ఒక శాశ్వత గ్యాలరీ కట్టబోతున్నదని, కరీంనగర్ ప్రదర్శన ముగిశాక మా ఇద్దరిలో ఒకరిని అక్కడ పర్మనెంటు అక్వేరిస్టుగా తీసుకుంటారని మేం చేరిన మొదటి వారమే మేనేజర్ చెప్పాడు. రెండోవారికి ప్రదర్శనతో పాటే ఉద్యోగం ముగుస్తుంది. సిఫారసు మేనేజర్‌ది, నిర్ణయం హెడ్డాఫీసుది. జువాలజీ చదివిన అమ్మాయికి మా వైపు దొరికేది జూనియర్ కాలేజీలో పాఠం చెప్పే పని, అది కూడా పార్ట్ టైమ్. సముద్ర జీవులతో ఉండే కొలువు మళ్లీ నా దారిలోకి వస్తుందని నమ్మకం లేదు. మా ఆయన హైదరాబాద్ బదిలీకి అడుగుతానన్నాడు. ఆ పోస్టు నాకు కావాలి. ప్రణతికీ కావాలి. ఇద్దరం దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇక ఒడ్డు తొట్టి మీద పెట్టిన బోర్డు సంగతి. ప్రదర్శన మొదలైన నెలకు జనం తగ్గారు. స్థానికంగా ఏదైనా ఉండాలని మేనేజర్ ఆలోచించి, ఒడ్డు తొట్టికి ఒక పక్క సిమెంటుతో నాలుగు మెట్లు కట్టించి, పైన పెద్ద అక్షరాలతో ‘మన గోదావరి సముద్రంలో కలిసే చోటు’ అని రాయించాడు. వెనక గోడ మీద నది బొమ్మ, బాసర నుంచి మొదలుపెట్టి ధర్మపురి, మంథని పేర్లు గుర్తులతో సహా. నేను అభ్యంతరం చెప్పాను. నది సముద్రంలో కలిసే చోట నీటిలో ఉప్పు తక్కువ ఉంటుంది, నక్షత్ర చేప, సీ అర్చిన్ అలాంటి నీటిలో బతకవు, అది రాళ్ల ఒడ్డు తొట్టి అని రాస్తే సరిపోతుందని అన్నాను. ఆయన నా మాట పూర్తిగా విని, “ఉప్పు మేడం, కరీంనగర్ల నక్షత్ర చేప గురించి గీ ప్రశ్న అడిగేటోడు ఎవడున్నడు?” అన్నాడు. బోర్డు పెట్టాక జనం నిజంగానే పెరిగారు. జైనూర్ నుంచి కూడా బడి బస్సులు వచ్చాయి, బాసర వెళ్లొచ్చే కుటుంబాలు ఆగి చూసి పోయేవి. ఆయన లెక్క తప్పు కాదు.

దసరా సెలవులకు ముందు ఒడ్డు తొట్టిలో మొదటి సీ అర్చిన్ ముళ్లు రాల్చింది. ఆ జీవి ఆరోగ్యం చెడిందనడానికి అది మొదటి గుర్తు. మర్నాడు నత్తలు రాళ్ల మీద పట్టు వదిలి వెల్లకిలా పడ్డాయి. అనిమోన్ ముడుచుకుపోయి విచ్చుకోలేదు. ఒక నక్షత్ర చేప చేతుల కొసలు మెత్తబడి తెల్లగా తయారయ్యాయి. అదే తొట్టిలో ఉన్న చిన్న చేపలు మాత్రం ఎప్పటిలాగే మేతకు ఎగబడ్డాయి.

నీళ్లు పరీక్షించాను. ఉప్పదనం సరిగా ఉంది. జీవుల విసర్జనతో పేరుకునే అమ్మోనియా లేదు. ఆమ్ల క్షార గుణం, వేడి, ప్రాణవాయువు అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. నా లెక్క ప్రకారం ఆ నీటిలో ఏదీ చావకూడదు. అయినా రోజూ ఒకటో రెండో చస్తున్నాయి.

మేనేజర్ మా ఇద్దరినీ పిలిచాడు. ఆయన దృష్టిలో రెండే కారణాలు. నేను ఉప్పు కలపడంలో తప్పు చేసి ఉండాలి, లేదా ప్రణతి వాడే చేపల మందు ఆ తొట్టిలోకి వచ్చి ఉండాలి. “ఉప్పా, మందా? మీరిద్దరు తేల్చుకొని చెప్పున్రి. సెలవుల్ల తొట్టి మూసుడైతే నాతోని కాదు. హెడ్డాఫీసుకు నేనొక కారణం రాయాలె,” అన్నాడు. ఆ కారణంలో ఎవరి పేరు ఉంటే పోస్టు రెండోవారిదని ముగ్గురికీ తెలుసు.

మందు అన్న మాట నా తలలో తిరిగింది. చేపల ఒంటి మీద తెల్ల మచ్చల జబ్బు వస్తే వాడే మందులో రాగి ఉంటుంది. కొత్తగా వచ్చిన చేపలను కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి, ఆ మందు వేసి, జబ్బు లేదని తేలాకే ట్యాంకులో కలుపుతారు. రాగి తగు మోతాదులో చేపకు మందు. వెన్నెముక లేని ప్రాణులకు అదే విషం. నక్షత్ర చేప, అర్చిన్, నత్త, పీత, అనిమోన్ అన్నీ ఆ కోవలోవే. మా తొట్టిలో చచ్చేవి అవే, బతికేవి చేపలే. ఇది గుర్తుకు రాగానే నాకు భయం వేయవలసింది. కానీ ఒళ్లంతా వెచ్చగా ఒక సంతోషం పాకింది. రాగి అయితే తప్పు ప్రణతిది.

రాగిని చూసే పరీక్ష నా రోజువారీ పరీక్షల్లో లేదు, ఆ పెట్టె ప్రణతి అల్మారాలో ఉండేది. వెళ్లి అడిగాను. ఎందుకని కూడా అడగకుండా ఇచ్చింది. తొట్టి నీటిలో చుక్కలు వేసి కలిపితే రంగు తేలింది. రాగి ఉంది. ఆమె నా పక్కనే ఉంది, ఆ రంగు ఆమె కూడా చూసింది.

“అక్కా, మందు తొట్టిలో వాడిన వల ఏదైనా ఇటు వచ్చిందనుకుంటున్నారా?” అని తనే అడిగింది.

“వచ్చిందా మరి?”

“రాలేదు. చూపిస్తాను రండి.”

మందు తొట్టికి వాడే వలలు, బకెట్లు, గొట్టాలు అన్నింటికీ ఎర్ర టేపు చుట్టి, వేరే గదిలో, వేరే మేకులకు తగిలించి ఉన్నాయి. ఆ గది తాళంచెవి ఆమె మెడలో ఉంది. ఆ నెల మొత్తం మందు తొట్టిలో కొత్త చేపలే లేవు, నీళ్లు కూడా తీసేసి ఎండబెట్టి ఉంచింది. నేను తొట్టి అడుగున వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. ఇంత పద్ధతిగా నేను కూడా పని చేయలేదేమో అనిపించి ఆ గదిలో ఒక్క నిమిషం కూడా నిలబడాలనిపించలేదు.

“మీరైతే కనిపెడతారు అక్కా. నీళ్ల సంగతి మీకే తెలుసు,” అంది. ఎగతాళి అనుకుందామంటే గొంతులో అది లేదు.

తరువాత గొట్టాలు చూశాను. అన్నీ ప్లాస్టిక్. పంపు విప్పి చూశాను. లోపల ఇత్తడి లేదు. నల్లా నీటిని పరీక్షించాను. రాగి లేదు. పెద్ద ట్యాంకులో లేదు. ప్రతి మండలానికి నీళ్లు తిరిగే ఏర్పాటు వేరువేరుగా ఉంటుంది, ఒకదాని నీళ్లు ఇంకొకదాంట్లోకి పోవు. అంటే రాగి ఆ ఒక్క తొట్టిలోకే వస్తున్నది, పైనుంచే వస్తున్నది. నేను తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పంపుల గది వదిలి అలా జనంలో కూర్చోవడం ఆ ప్రదర్శనలో నాకు అదే మొదటిసారి.

ఆ పూటే ఒక ముసలమ్మ, చంటిపిల్లను ఎత్తుకున్న కూతురితో వచ్చింది. కూతురు బోర్డు చదివి వినిపించింది. ముసలమ్మ సిమెంటు మెట్ల మీద కూర్చుని, చెప్పులు విడిచి పక్కకు పెట్టి, నీళ్లు మూడుసార్లు తల మీద చల్లుకుంది. కొంగు ముడి విప్పింది. పిడికిలి నీళ్లలో ముంచి, కళ్లు మూసుకుని, పిడికిలి తెరిచింది. పైకి ఏమీ కనపడలేదు.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. “అవ్వా, నీళ్లల్ల ఏమేసినవ్?”

“పైస ఏసిన బిడ్డా. ఊకె ఏసిన్నా? మొక్కుకొని ఏసిన.”

“ఈడెందుకేసినవ్?”

“ఈడెందుకేంది? గోదారమ్మ సముద్రంల కలిసేది గీడనే అని రాసిన్రు గదా. మా మంథని కాడ ఏస్తె గీడిదాక వచ్చేసరికి ఎన్ని దినాలు పడ్తదో. గీడేస్తె జల్ది ముడ్తది.”

కూతురు సిగ్గుపడుతూ, తన భర్త మస్కట్‌లో సముద్రం ఒడ్డున పని చేస్తాడని, వీసా సంగతి ఏదో అడ్డం పడి పిల్లను చూడటానికి రాలేకపోతున్నాడని, తల్లి దాని కోసమే మొక్కిందని చెప్పింది.

నాకు అర్థమైంది. బస్సు గోదావరి బ్రిడ్జి ఎక్కగానే మా అవ్వ నా చేతిలో బిళ్ల పెట్టి కిటికీలోంచి వేయించేది. బస్సులో అందరూ వేసేవారు. నేను ఇప్పటికీ వేస్తాను. తొట్టి అడుగున ఒకటి రెండు బిళ్లలు కనపడితే మేమే తీసి, జేబుల్లోంచి జారాయనుకున్నాం. మొక్కుకుని వేసేవాళ్లు నీళ్లలో లోపలికంటా చేయి పెట్టి, ఇసుకలోకి వదులుతారని మాకు తట్టలేదు. ఇసుకను మేం కదపం. దానిలో నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి, కదిపితే పాడవుతాయి.

ఆమెకు నెమ్మదిగా చెప్పాను. ఇవి గోదావరి నీళ్లు కావు, నల్లా నీళ్లలో నేనే ఉప్పు కలిపి చేశాను, రాగి కరిగితే ఈ నక్షత్ర చేప చచ్చిపోతుంది అని.

“గట్లనా? మరి సముద్రంల మంది ఏస్తలేరా?”

“సముద్రం పెద్దది అవ్వా. గిది తొట్టి.”

ఆమె బోర్డు వైపు చూసింది. “మరి గదే రాయరాదు, తొట్టి అని,” అంది. తరువాత చేయి చాపింది. “అయితె నా పైస నాకు తీసియ్యి. పోయేటప్పుడు గోదాట్లనే ఏస్త.”

మోచేతి దాకా చేయి పెట్టి ఇసుకలో వెతికాను. ముందు దొరికింది ఆమెది కాదు, పసుపు పచ్చ ఐదు రూపాయల బిళ్ల. తరువాత ఇంకొకటి. తరువాత నడుమ చిల్లున్న పాత రాగి పైసలు, ఆకుపచ్చ చిలుము పట్టి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటూ. పసుపు బిళ్లల్లో కూడా ఎక్కువ భాగం రాగే. మెట్ల కింద ఇసుకలో పిడికిట్లోకి ఎన్ని పడితే అన్ని వచ్చాయి. “నాది గిది,” అని ముసలమ్మ తనది పట్టేసి, కొంగుకు తుడుచుకుని, మళ్లీ ముడి వేసుకుంది.

తడి చేతిలో ఆ బిళ్లలతో నిలబడ్డప్పుడు నాకు కలిగిన సంతోషంలో సగం అక్కడే ఆవిరైంది. ఉప్పు తప్పు కాదని తేలింది. దానితో పాటే మందు తప్పు కాదనీ తేలింది. నన్ను నిర్దోషిగా నిలబెట్టిన రుజువే ప్రణతినీ నిలబెట్టింది. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని చెప్పకుండా ఉండే దారి లేదు.

మేనేజర్ గదికి వెళ్లి బిళ్లలు బల్ల మీద పెట్టాను. ఉప్పు కాదు, మందు కాదు, మీ బోర్డు అన్నాను. ఆయన బిళ్లలను పెన్నుతో పక్కకు జరిపాడు. “బోర్డు అని హెడ్డాఫీసుకు ఎట్ల రాస్తనమ్మా?” అన్నాడు. చివరికి ‘సందర్శకులు నాణేలు వేయడం వల్ల’ అని రాశాడు. బోర్డు ఆ సాయంత్రమే తీయించాడు, ఆ మాట మాత్రం నివేదికలో లేదు.

రెండు రోజులు తొట్టి మూయక తప్పలేదు. బతికినవాటిని వేరే తొట్టిలోకి మార్చాం. వాటిని కొత్త నీటిలోకి ఒక్కసారిగా వేయకూడదు, పాత నీటిలోకి కొత్త నీటిని సన్నని గొట్టం ద్వారా చుక్కచుక్కగా వదిలి గంటలకొద్దీ అలవాటు చేయాలి. నక్షత్ర చేపలు ఒక్కసారిగా వచ్చే మార్పును అసలు తట్టుకోలేవు. ఇసుక, రాళ్లు మొత్తం పారేశాం. అది గవ్వల ఇసుక, సున్నపు గుణం ఉన్న ఏ వస్తువైనా రాగిని పీల్చి దాచుకుని, తరువాత నెలల తరబడి విడుస్తుంది. కడిగితే పోదు. ప్రణతి నాతో పాటు ఇసుక ఎత్తింది, బస్తాలు మోసింది. అప్పటికి నాకు రెండో నెల, ఎవరికీ చెప్పలేదు. బరువు నేను ఎత్తకుండా ఆమె ఎందుకు అడ్డం పడిందో, ఆమెకు ఎలా తెలిసిందో నేను అడగలేదు.

తొట్టి తెరిచిన రోజు ఒక పత్రిక విలేఖరి వచ్చాడు. నక్షత్ర చేపను పైకెత్తి పట్టుకోమని ప్రణతిని అడిగాడు. నీళ్లలోంచి తీస్తే దానికి ప్రమాదమని ఆమె ఒప్పుకోలేదు, నీళ్లలోనే అరచేతిలో పట్టుకుంది. కారణం కనిపెట్టింది రజితక్క అని నా ముందే చెప్పింది. మర్నాడు జిల్లా పేజీలో నల్ల సూటులో నవ్వుతున్న ప్రణతి, చేతిలో నక్షత్ర చేప. వార్త నాలుగు వాక్యాలు. అందులో నా పేరు లేదు. అత్తమ్మ ఆ పేజీ కత్తిరించి దాచింది. “మీ ఆఫీసు పేరొచ్చింది గదా,” అంది.

సంక్రాంతి దాటాక మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. హెడ్డాఫీసు ప్రణతిని తీసుకున్నదని చెప్పాడు. “నీ పనిల వంక లేదమ్మా. గాని డైవింగొచ్చినామెకు నీళ్ల పరీక్ష నేర్పొచ్చు. నీళ్ల పరీక్షొచ్చినామెకు డైవింగ్ నేర్పాల్నంటే, ఇప్పుడు…” అని ఆగాడు. నా కడుపు అప్పటికి తెలుస్తున్నది. దాని వైపు చూడకుండా ఉండటానికి ఆయన గోడ గడియారం వైపు చూశాడు. అది నిజమైన కారణమే కావచ్చు. బల్ల మీద నేను పెట్టిన బిళ్లలు కూడా కారణం కావచ్చు. ఏది ఎంత అని నాకు ఇప్పటికీ తెలియదు. కారణం ఏదైనా తీసుకున్నది ఆమెనే.

మిగిలింది ఛార్జి అప్పగించడం. ఉద్యోగి మారేటప్పుడు తన పనిని వచ్చేవారికి అప్పగించే పద్ధతి మా దగ్గర వారం రోజులు నడుస్తుంది. నీటి పని అంతా నేను ప్రణతికి నేర్పాలి. పరికరాలు, ఉప్పు కలిపే కొలతలు, పంపుల వేళలు కాగితం మీద ఉంటాయి, అవి ఎవరైనా చదువుకోవచ్చు. కాగితం మీద లేనిది ఒకటి ఉంది, ఆ దసరాకు నేను నేర్చుకున్నది. అది చెప్పకపోయినా నన్ను ఎవరూ ఏమీ అనరు. మొదటి రోజు చెప్పలేదు. రెండో రోజు కూడా చెప్పలేదు. ఆమె శ్రద్ధగా రాసుకుంటూ, ప్రతిదీ రెండుసార్లు అడుగుతూ ఉంటే, చూడటానికి కూడా నాకు ఓపిక ఉండేది కాదు. ఎంత బాగా అడిగితే అంత మండేది.

మూడో రోజు పొద్దున ఆమె తొట్టి ముందు నిలబడి, “చేపలు బానే తింటున్నాయక్కా, నీళ్లు బాగున్నట్టే,” అంది. రాళ్ల మీద నత్తలు ఉన్నాయి, ఆమె వాటి వైపు చూడలేదు. హైదరాబాద్ గ్యాలరీలో ఇలాంటి తొట్లు ఎన్నో ఉంటాయి. ఆమె ఇలాగే చేపలను చూసి వెళ్లిపోతుంది.

“చేపలను జూడకు,” అన్నాను. “చేప గట్టిది, అన్నిట్ని ఓర్చుకుంటది. ముందుగాల నత్త రాయిని పట్టుకున్నదా జూడు. తర్వాత అర్చిన్ ముళ్లు నిలబడ్డయా జూడు. తర్వాత అనిమోన్ ఇచ్చుకున్నదా జూడు. చేప ఆఖరికి. రాగి పరీక్ష వారానికోసారి జెయ్యి, అవసరం లేకున్నా జెయ్యి. మంది చేతులు ఏడిదాక పోతున్నయో రోజూ కాసేపు కూసోని జూడు.”

ఆమె రాసుకుంది. “ఇది ఎక్కడా లేదక్కా,” అంది.

“లేదు,” అన్నాను.

మిగిలిన రోజుల్లో ఏమీ దాచుకోకుండా నేర్పాను. ఇప్పుడు ఆమె హైదరాబాద్‌లో సీనియర్. సముద్రంలో, నిజమైన సముద్రంలో, డైవింగ్ చేసిన ఫోటోలు పెడుతుంది. తన తొట్లలో నత్తలు బాగున్నాయని అప్పుడప్పుడు రాస్తుంది. చూస్తాను, జవాబు ఇస్తాను, ఫోన్ బోర్లా పెడతాను.

ఆ ఉదంతం నాకు రెండు సంగతులు నేర్పింది. నీళ్లు బాగున్నాయో లేదో తెలుసుకోవాలంటే గట్టి ప్రాణిని కాదు, అన్నిటికంటే మెత్తని ప్రాణిని ముందు చూడాలి. ఛార్జి అప్పగించేటప్పుడు తీసుకునేది ఎవరన్నది చూడకూడదు, ఎందుకంటే తొట్టిలో ఉన్నవాటికి డ్యూటీలో ఎవరున్నారో తెలియదు. మొదటిది నాకు బాగా వచ్చు. రెండోది చేశాను, ఇష్టం లేకుండానే చేశాను. ఇష్టం లేకపోయినా పని సరిగానే అయింది.